కొన్నవారికీ కోపమే... అమ్మినవారికీ కోపమే!

మొహం చూడని బేరాల్లో మాటే సాక్ష్యం. మరి ఆ మాట నిజమో కాదో తేల్చేదెవరు? కంప్యూటర్ వేలంపాటల్లో దాదాపు ముప్పయ్యేళ్లుగా సాగుతున్న 'మంచి-చెడ్డ' తగాదా ఇది.

"కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అంటారు మన పెద్దవాళ్లు. కొనడానికి వెళితే ధర చెయ్యి కాలుస్తుంది. అదే వస్తువు అమ్మడానికి వెళితే అడిగే నాథుడుండడు. సంతలు పుట్టిననాటి నుంచీ ఉన్న బాధే ఇది. అయితే కంప్యూటర్ తెరమీద సంత మొదలయ్యాక దీనికి ఇంకో కొత్త బాధ తోడయ్యింది. అది ధర గురించి కాదు, పేరు గురించి!

మనం ఎప్పుడూ కొనే బట్టల కొట్టునే తీసుకోండి. చీర రంగు వెలిసిపోతే ఆ కొట్టాయన దగ్గరికే వెళ్లి "ఇదేమిటండీ, ఇలాంటిది అంటగట్టారూ?" అని నిలదీస్తాం. ఆయనకు మన ఇల్లు తెలుసు, మన పుట్టింటివాళ్లూ తెలుసు. మనకూ ఆయన కొట్టు తెలుసు. ఇద్దరికీ రేపు మళ్లీ మొహాలు చూసుకోవాల్సిన అవసరం ఉంది. అందుకే ఆయన మార్చి ఇస్తాడు, మనమూ ఊరంతా టముకు వేయకుండా ఊరుకుంటాం.

మరి అమ్మినవారు ఒక దేశంలో, కొన్నవారు ఇంకో దేశంలో ఉంటే? జన్మలో ఒకరి మొహం ఒకరు చూసే అవకాశమే లేకపోతే? డబ్బు ముందు కట్టాలి, వస్తువు ఆనక వస్తుంది. రాకపోతే ఎవర్ని అడగాలి? ఈ ప్రశ్నకు సమాధానంగా వచ్చిందే 'ఫీడ్‌బ్యాక్' పద్ధతి. ఇవాళ మనం ఆటో దిగాక, బిర్యానీ తిన్నాక, కుక్కర్ కొన్నాక నొక్కుతున్న నక్షత్రాలన్నింటికీ ఒకరకంగా అమ్మమ్మ అదే! ఆ అమ్మమ్మ ఇంట్లో జరిగిన గొడవలు తెలిస్తే, మన చేతిలోని నక్షత్రం ఎంత బరువైనదో అర్థమవుతుంది.

విరిగిన వస్తువుతో మొదలైన సంత

1995 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ అనే కంప్యూటర్ ఇంజనీరు 'ఆక్షన్ వెబ్' పేరుతో ఒక వేలంపాటల సైటు పెట్టాడు. అందులో మొదట అమ్ముడుపోయిన వస్తువేమిటో తెలుసా? పనిచేయని లేజర్ పాయింటర్! 14.83 డాలర్లకు పోయింది. "ఇది పాడైపోయిందని తెలిసే కొంటున్నారా?" అని ఒమిడ్యార్ అడిగితే, పాడైన లేజర్ పాయింటర్లు పోగుచేయడమే తన సరదా అన్నాడట కొన్నాయన. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటే ఇదే కదూ! 1997లో ఆ సైటు పేరు 'ఈ-బే'గా మారింది.

జనం పెరిగేకొద్దీ తగాదాలూ పెరిగాయి. "డబ్బు పంపాను, వస్తువు రాలేదు" అని ఒకరు. "పాట పాడి పత్తా లేకుండా పోయాడు" అని ఇంకొకరు. అన్నీ ఒమిడ్యార్‌కే ఉత్తరాలు. ఎంతమందికని తీర్పు చెబుతాడు? 1996 ఫిబ్రవరిలో ఆయన ఒక ఉపాయం చేశాడు. మనుషుల్లో ఎక్కువమంది మంచివాళ్లే, కొద్దిమందే తేడావాళ్లు అన్నది ఆయన నమ్మకం. కాబట్టి మంచి జరిగితే అందరి ముందూ మెచ్చుకోండి, చెడు జరిగితే అందరి ముందూ చెప్పండి అని ఒక బహిరంగ పలక పెట్టాడు. పదిమందిలో పేరు పోతుందన్న భయమే పోలీసు అన్నమాట!

లెక్క చాలా తేలిక. బేరం ముగిశాక కొన్నవారు అమ్మినవారికీ, అమ్మినవారు కొన్నవారికీ మార్కులు వేసుకోవచ్చు. బాగుంటే ఒకటి కలుస్తుంది. ఫరవాలేదంటే సున్నా. బాగాలేదంటే ఒకటి పోతుంది. దాంతోపాటు ఒక చిన్న వ్యాఖ్య రాయొచ్చు. ఆ రోజుల్లో ఎనభై అక్షరాలకు మించకూడదు. పది మార్కులొస్తే పేరు పక్కన పసుపు నక్షత్రం, 50 దాటితే నీలం, 500 దాటితే ఊదా, వెయ్యి దాటితే ఎర్ర నక్షత్రం. చిన్నప్పుడు బళ్లో టీచరమ్మ పలకమీద పెట్టిన 'గుడ్' చూసుకుని మురిసినట్టు, పెద్దపెద్దవాళ్లు ఈ నక్షత్రాలు చూసుకుని మురిసిపోయారు.

మంచి పేరు ఖరీదెంత?

మురిపెం ఒక్కటే కాదు, ఈ నక్షత్రం వెనక డబ్బూ ఉంది. అమెరికాలో పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే ప్రొఫెసర్లు తోటివారితో కలిసి ఒక తమాషా పరీక్ష చేశారు. పాతకాలపు పోస్టుకార్డులు అమ్మే ఒక పేరున్న వ్యాపారిని పట్టుకున్నారు. ఒకేలాంటి కార్డుల జతలు తీసుకుని ఒకటి ఆ వ్యాపారి అసలు పేరుతో, రెండోది అప్పుడే పుట్టిన కొత్త పేరుతో వేలానికి పెట్టారు. వస్తువు ఒకటే, పంపేదీ ఒకరే. పేరు మాత్రమే తేడా. ఫలితం 2006లో అచ్చయ్యింది. పాత పేరుకు కొన్నవారు సగటున 8.1 శాతం ఎక్కువ ఇచ్చారు!

అంటే వంద రూపాయల సరుకుకు ఎనిమిది రూపాయలు కేవలం మంచి పేరుకే వస్తున్నాయన్నమాట. ఇంట్లో కూర్చుని అటకమీది పాత సామాన్లు, కుట్లూ అల్లికలూ అమ్ముకుని నాలుగు డబ్బులు వెనకేసుకునే వారికి ఇది చిన్న సంగతి కాదు. పేరు పెట్టుబడి అయ్యింది. పెట్టుబడి అయ్యాక దాన్ని కాపాడుకోవడానికి పోట్లాటలు రాకుండా ఉంటాయా?

కుక్క కాటుకు చెప్పు దెబ్బ

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒకావిడ 40 డాలర్లకు పింగాణి టీ సెట్టు పాడింది. డబ్బు వెంటనే పంపింది. పార్సిల్ విప్పితే ఒక కప్పు చెవి విరిగి ఉంది. అమ్మినావిడకు రాస్తే "పోస్టులో విరిగి ఉంటుంది, నేనేం చేయను?" అంది. ఒళ్లు మండిన కొన్నావిడ 'సరిగా చుట్టలేదు, కప్పు విరిగింది' అని మైనస్ మార్కు వేసింది. మర్నాడు తన పేజీ తెరిచి చూసుకుంటే ఏముంది? 'గయ్యాళి, ఈమెతో బేరం పెట్టుకోకండి' అని తనకూ ఒక మైనస్! చెప్పిన ప్రకారం డబ్బు కట్టిన మనిషి చేసిన తప్పేమిటి? నిజం చెప్పడమే!

ఇలాంటి ఎదురుదెబ్బ ఈ-బేలో రోజువారీ సంగతి అయిపోయింది. గ్యారీ బోల్టన్, బెన్ గ్రైనర్, యాక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2013లో అచ్చయిన తమ పరిశోధనలో దీన్ని లెక్కలతో సహా చూపించారు. అమ్మేవారు తమ మార్కు ముందు వేయకుండా వేచి చూసేవారట. నువ్వు మంచి అంటే నేనూ మంచి, నువ్వు చెడ్డ అంటే నేనూ చెడ్డ. వాయనం ఇచ్చిపుచ్చుకున్నట్టు మార్కులు ఇచ్చిపుచ్చుకోవడం!

ఇక కొన్నవారు ఏం చేస్తారు? 'ఎందుకొచ్చిన గొడవ' అని నోరు మూసుకుంటారు. అదే జరిగింది. రెస్నిక్, జెక్‌హౌజర్‌లే 1999 నాటి బేరాలు పరిశీలిస్తే, కొన్నవారిలో సగానికి కాస్త ఎక్కువమందే మార్కులు వేశారు. వేసినవాటిలో నూటికి తొంభైతొమ్మిది మంచివే! ఒక్క శాతం కూడా చెడ్డవి లేవు. నిజంగా అంత మంచి సంత భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా? అత్తగారి ముందు కోడళ్లందరూ "అబ్బే, మాకేం లోటు లేదండీ" అన్నట్టుంది ఈ లెక్క.

మధ్యలో ఇంకో వెసులుబాటు కూడా ఉండేది. ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పరం వేసుకున్న మైనస్‌లు తీసేసుకోవచ్చు. వినడానికి రాజీమార్గంలా ఉంది కదూ? కానీ కొందరు గడుసు అమ్మకందార్లకు ఇదే ఆయుధమయ్యింది. ముందు ఎదురు మైనస్ వేసి, "నువ్వు తీస్తే నేనూ తీస్తా" అని బేరం పెట్టేవారు. పాపం, కొత్తగా వచ్చినవారికి ఉన్నవే అయిదారు మార్కులు. అందులో ఒక మైనస్ పడితే పరువు పోయినట్టే. వెయ్యి మార్కులున్న వ్యాపారికి ఒక మైనస్ దోమకాటు. దాంతో కొత్తవారే దిగొచ్చి నిజాన్ని వెనక్కి తీసుకునేవారు.

మాటలు రాని తొంభైతొమ్మిది శాతం

కొన్నవారి ఫిర్యాదులు ఇంతటితో ఆగలేదు. అందరికీ 98, 99, 100 శాతమే ఉంటే ఎవరు మంచివారో ఎలా తెలుస్తుంది? క్లాసులో అందరికీ ఫస్టు ర్యాంకు ఇచ్చినట్టే! స్టీవ్ టడెలిస్, క్రిస్ నోస్కో అనే ఆర్థికవేత్తలు 2015లో ఈ చిక్కుముడిని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. మార్కు వేసినవారి సంగతి అలా ఉంచి, ఏమీ వేయకుండా వెళ్లిపోయినవారిని లెక్కలోకి తీసుకున్నారు. బేరం బాగా జరగనివారు తిట్టడం కన్నా మాట్లాడకుండా లేచిపోవడమే ఎక్కువట! ఎవరికి ఎక్కువ మౌనం ఎదురవుతోందో, వారి దగ్గర కొన్నవారు ఈ-బేకు మళ్లీ వచ్చేదీ తక్కువేనట.

మనకిది కొత్తా? పెళ్లి భోజనం బాగుంటే పదిమందీ మెచ్చుకుంటారు. బాగా లేకపోతే 'ఆలస్యమయింది, వెళ్లొస్తాం' అంటారు. అనుభవమున్న ఇల్లాలు ఆ మౌనాన్ని ఇట్టే పసిగడుతుంది. కంప్యూటర్‌కు ఆపాటి తెలివి రావడానికి ఇరవయ్యేళ్లు పట్టింది!

ఇక మోసగాళ్ల తెలివి గురించి చెప్పేదేముంది? పైసాపరకకు వచ్చే చిల్లర వస్తువులు డజన్ల కొద్దీ కొని, అమ్మి, ముందు నక్షత్రాలు పోగుచేసుకునేవారు. ఆ తర్వాత ఖరీదైన కెమెరాలో, కంప్యూటర్లో వేలానికి పెట్టి డబ్బు అందగానే మాయమయ్యేవారు. అగ్గిపెట్టెలు అమ్మి సంపాదించిన మంచి పేరు, నగలు అమ్మేటప్పుడు పనికొస్తుందా అని అడిగే తీరిక కొనేవారికి ఉండదు. అంకె చూస్తారు, నమ్ముతారు.

2008: అమ్మేవారి నోటికి తాళం

చివరికి 2008 జనవరిలో ఈ-బే ఒక పెద్ద నిర్ణయం ప్రకటించింది. ఇకమీదట అమ్మినవారు కొన్నవారికి చెడ్డ మార్కు వేయడానికి వీల్లేదు! వేస్తే మంచిదే వేయాలి, లేదా ఊరుకోవాలి. అదే ఏడాది మే నెల నుంచి అమలు. సరిగ్గా ఆ రోజుల్లోనే పదేళ్లు సంస్థను నడిపిన మెగ్ విట్‌మన్ తప్పుకుని జాన్ డొనహో పగ్గాలు పట్టాడు. ఎదురుదెబ్బ భయంతో కొన్నవారు నిజం చెప్పలేకపోతున్నారు, విసిగిపోయి వెళ్లిపోతున్నారు అన్నది సంస్థ వాదన.

అమ్మేవారు భగ్గుమన్నారు. ఫిబ్రవరిలో వారం రోజులపాటు సరుకు పెట్టకుండా సమ్మె చేశారు. "పాట పాడి డబ్బు కట్టనివాడిని ఏమనాలి? మంచివాడని మార్కు వేయాలా?" అని నిలదీశారు. అంతకు ముందు ఏడాది వచ్చిన వివరమైన మార్కుల పద్ధతి కూడా వారికి గుండెలమీద కుంపటే. వస్తువు చెప్పినట్టే ఉందా, కబురు సరిగా అందించారా, పంపడం ఎంత త్వరగా జరిగింది, పంపడానికి తీసుకున్న ఖర్చు సబబుగా ఉందా... ఈ నాలుగింటికీ అయిదేసి నక్షత్రాలు. ఎవరెంత వేశారో అమ్మినవారికి తెలియదు.

ఇక్కడో చిక్కుంది. మనలాంటివాళ్లం 'అయిదుకు నాలుగు' అంటే మంచి మార్కే అనుకుంటాం. ఎనభై శాతం అంటే డిస్టింక్షన్ కదా! కానీ ఆ లెక్కలో సగటు 4.5కన్నా తగ్గితే పెద్ద అమ్మకందార్లకిచ్చే 'పవర్‌సెల్లర్' హోదా ఊడిపోయేది. అంటే మనసారా మెచ్చుకుంటూ నాలుగు నక్షత్రాలు వేసినవారు, తెలియకుండానే ఆ మనిషి పొట్టమీద కొట్టినట్టు! వేసేవారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పోస్టువాడు ఆలస్యం చేస్తే అమ్మినవారికి మార్కు పోతుంది. తుపాను వచ్చి లారీలు ఆగితే పోతుంది. 'పాత వస్తువు, గీత ఉంది' అని రాసి పెట్టినా చదవకుండా కొని, 'గీత ఉంది' అని మైనస్ వేసినవారూ ఉంటారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, అన్నీ అమ్మినావిడ మీదికే!

అసలు భయం ఇంకొకటి. "సగం డబ్బు వాపసు ఇస్తావా, మైనస్ వేయమంటావా?" అని బెదిరించేవారు తయారయ్యారు. దీనికి 'ఫీడ్‌బ్యాక్ దోపిడీ' అని పేరు కూడా పెట్టి, ఈ-బే నిషేధించింది. అయితే బెదిరింపు సైటులోని సందేశాల్లో రాతపూర్వకంగా ఉంటేనే కదా రుజువు? గడుసువాళ్లు ఆ మాట నేరుగా రాయరు. "మీ పేరు బాగుండాలనే చెబుతున్నాను" అని తియ్యగా రాస్తారు. అది బెదిరింపు అని నిరూపించడం ఎవరి తరం?

మరి ఎవరిది న్యాయం?

కోపతాపాలు పక్కన పెట్టి ఆ మార్పు ఏం చేసిందో చూద్దాం. టోబియాస్ క్లైన్, క్రిస్టియన్ లంబెర్ట్జ్, కొన్రాడ్ స్టాల్ అనే ముగ్గురు 2008కి ముందూ వెనకా లెక్కలు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. అమ్మేవారికి వచ్చే వివరమైన మార్కులు ఆ మార్పు తర్వాత మెరుగుపడ్డాయి. పోనీ చెడ్డవారంతా సంత వదిలిపోయారా అంటే అదీ లేదు. ఉన్నవారే జాగ్రత్తగా అమ్మడం మొదలుపెట్టారు. ఎదుటివారు భయం లేకుండా నిజం చెప్పగలిగితే మనిషి తన పని మెరుగుపరుచుకుంటాడని దీని అర్థం.

కాబట్టి సంతకు మేలే జరిగింది. అయితే సంత మొత్తానికి జరిగిన మేలు, అందులో ఒక మూల కూర్చున్న ఒక్క మనిషికి జరిగిన అన్యాయాన్ని చెరిపేస్తుందా? అబద్ధపు మైనస్ పడిన ఒక ఇల్లాలికి "సగటున అందరికీ బాగుందమ్మా" అంటే ఓదార్పు అవుతుందా? అందుకే ఈ-బే తర్వాత తర్వాత కొన్ని కిటికీలు తెరిచింది. వ్యాఖ్య కింద అమ్మినవారు సమాధానం రాసుకోవచ్చు. తగాదా తీరితే మార్కు మార్చమని కొన్నవారిని అడగొచ్చు. అయితే ప్రతి వెయ్యి మార్కులకు అయిదుసార్లే! డబ్బు కట్టకుండా తప్పించుకున్నవారి వ్యాఖ్యలను తొలగించే ఏర్పాటు ఉంది. తలనొప్పి మనుషులు తమ దగ్గర పాడకుండా అడ్డుకునే జాబితా కూడా ఉంది.

1.44 డాలర్ల తగాదా

మార్కు మీద కోపం ఎంతదూరం పోతుందో చెప్పే కేసొకటి 2013లో అమెరికా పత్రికల్లో మారుమోగింది. సౌత్ కెరొలినాలో ఒకావిడ ఒహాయోలోని ఒక కంపెనీ నుంచి ఈ-బేలో మైక్రోస్కోపుకు వాడే లైటు కొంది. పార్సిల్ వచ్చేసరికి తపాలా ఖర్చు తగ్గిందని పోస్టువారు ఆవిడ దగ్గర 1.44 డాలర్లు వసూలు చేశారు. ఆవిడ ఆ సంగతే రాసి మైనస్ వేసింది. కంపెనీ ఆ డబ్బు ఇచ్చేస్తామంది. మార్కు మాత్రం అలాగే ఉండిపోయింది. అంతే, కంపెనీ కోర్టుకెక్కింది! ఆవిడ రాసింది అబద్ధం కాదు. పోస్టువారు డబ్బు తీసుకున్నమాట కంపెనీ కూడా కాదనలేదు. అయినా ఆ మార్కు వల్ల తమ వ్యాపారం దెబ్బతింటుందన్నది వారి గోల.

ఒకటిన్నర డాలరు కూడా లేని సంగతికి లాయర్ల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? చాలామంది అయితే భయపడి మార్కు తీసేసేవారే. ఈవిడ విషయం బయటికి పొక్కడంతో లాయర్లు ఉచితంగా ముందుకొచ్చారు. పత్రికలు రాశాయి. చివరికి కంపెనీ క్షమాపణ చెప్పి కేసు వెనక్కి తీసుకుంది. ఇలాంటి తగాదాలు ఒకటి కాదు, చాలా వచ్చాయి. 2016లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టమే తెచ్చింది. 'మా గురించి చెడుగా రాయకూడదు' అని కొనుగోలుదార్ల చేత ముందే సంతకం పెట్టించుకునే షరతులు చెల్లవని అందులో చెప్పారు. 2024లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ సమీక్షలు కొనడం, అమ్మడం కూడా నిషేధించింది.

మన గడపలోకి వచ్చిన నక్షత్రాలు

మన దేశంలో ఈ వేలంపాటల రుచి చూపించింది 'బాజీ డాట్ కామ్'. 2000లో మొదలైన ఆ సంస్థను 2004లో ఈ-బే సుమారు 5 కోట్ల డాలర్లకు కొనేసింది. మనవాళ్లలో పాత నాణేలు, స్టాంపులు పోగుచేసేవారు చాలామంది అక్కడే బేరాలు నేర్చుకున్నారు. డబ్బు నేరుగా అమ్మినవారి చేతికి పోకుండా 'పైసాపే' అనే ఏర్పాటు ద్వారా పోయేది. మొహం తెలియనివారికి డబ్బు కట్టాలంటే జంకే మనవారికి అది కొండంత ధైర్యం. 2017లో ఆ వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది. 2018 ఆగస్టు 14న ఈ-బే ఇండియా సైటు మూతపడింది.

సైటు పోయినా నక్షత్రాలు పోలేదు. వస్తువులకు పెట్టిన మార్కులు క్రమంగా మనుషులకూ వచ్చేశాయి. 2021 అక్టోబరులో ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ తరఫున ఇళ్లకు వెళ్లి పనిచేసే బ్యుటీషియన్లు రోడ్డెక్కారు. కమీషన్ల కోతతోపాటు, మార్కులు తగ్గితే పని దొరకదన్న భయం కూడా వారి గోడుల్లో ఒకటి. ఇంటికొచ్చి రెండు గంటలు ఒంగి పనిచేసిన అమ్మాయికి, ఆ సాయంత్రం మన చికాకు కొద్దీ మూడు నక్షత్రాలు నొక్కామనుకోండి. మనకది ఒక్క క్షణం. ఆ అమ్మాయికి రేపటి సంపాదన!

వాట్సాప్‌లో చీరలు అమ్మే వదినగారిదీ, ఇన్‌స్టాగ్రామ్‌లో పచ్చళ్లు పెట్టే పిన్నిగారిదీ ఇదే కథ. మంగళగిరి చీర జరీ ఫోటోలో ఒకలా, చేతికొచ్చాక ఇంకోలా కనిపించవచ్చు. అంతమాత్రాన 'మోసం' అని పదిమందీ ఉన్న గ్రూపులో పెట్టేస్తే, నాలుగేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు ఒక్క పూటలో కొట్టుకుపోతుంది. అలాగని నిజంగా మోసపోయినవారు మొహమాటంతో ఊరుకుంటే, తర్వాత మోసపోయేది మన పక్కింటావిడే!

మన దగ్గర నిబంధనలు లేకపోలేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవారు తామే కొన్నవారిలా నటించి తమ సరుకును పొగుడుకోకూడదు. ప్రతి సంస్థా ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షలకు కూడా ఒక ప్రమాణం తెచ్చింది. అయితే దాన్ని పాటించడం సంస్థల ఇష్టానికే వదిలేశారు.

కొనేవారికి...

* నక్షత్రాల సంఖ్య ఒక్కటే చూడకండి. చెడ్డ వ్యాఖ్యలు నాలుగైదు ఓపిగ్గా చదవండి. ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ కనిపిస్తే అక్కడ ఏదో ఉన్నట్టే.

* మంచి పేరు ఏ సరుకు అమ్మి వచ్చిందో చూడండి. జడపిన్నులు అమ్మి తెచ్చుకున్న పేరుతో ఫోన్లు అమ్ముతుంటే జాగ్రత్త!

* తేడా వస్తే ముందు అమ్మినవారికి రాయండి. ఒకటి రెండు రోజులు గడువివ్వండి. మార్కు ఆ తర్వాత.

* రాసేటప్పుడు జరిగింది రాయండి. 'కప్పు చెవి విరిగింది, మార్చి ఇవ్వలేదు' అంటే నలుగురికీ పనికొస్తుంది. 'దొంగలు' అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

* తప్పు ఎవరిదో విడదీయండి. కొరియర్ ఆలస్యానికి అమ్మినావిడను శిక్షించకండి.

* తగాదా తీరిపోతే, మీరు రాసిన వ్యాఖ్య మార్చే వీలుంటే మార్చండి. మాట నిలబెట్టుకున్నవారికి అదే గౌరవం.

* ఎంతకీ తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

అమ్మేవారికి...

* వస్తువులో లోపం ఉంటే మొదటి వాక్యంలోనే చెప్పండి, ఫోటో కూడా పెట్టండి. దాచినది పార్సిల్ విప్పగానే బయటపడుతుంది.

* పంపేముందు ప్యాకింగు ఫోటో తీసి ఉంచుకోండి. మాటామాటా వస్తే అదే సాక్షి.

* మాటలన్నీ ఆ సైటు సందేశాల్లోనే నడపండి. ఫోన్లో బెదిరిస్తే రుజువు ఉండదు.

* చెడ్డ వ్యాఖ్య పడిన గంటలో సమాధానం రాయకండి. ఆ రాత్రి నిద్రపోయి, మర్నాడు రెండు వాక్యాల్లో మర్యాదగా రాయండి. దాన్ని చదివేది తిట్టినవారు కాదు, రేపు కొనబోయేవారు!

* మంచి మార్కు వేయమని బతిమాలకండి, బహుమతులు ఎర వేయకండి. అలా వచ్చిన పేరు అసలు పరీక్ష రాగానే జారిపోతుంది.

ఒమిడ్యార్ పలక పెట్టిననాడు అనుకున్నది ఒకటే. మనుషులు ఎక్కువమంది మంచివారే అని. ముప్పయ్యేళ్ల తగాదాల తర్వాత కూడా ఆ మాట అబద్ధం కాలేదు. కోట్లమంది మొహాలు చూసుకోకుండానే ఇంకా కొంటున్నారు, అమ్ముతున్నారు. తేలిందల్లా ఒకటే. మంచివారు కూడా భయపడితే నిజం చెప్పరు, కోపం వస్తే నిజం దాటి చెబుతారు. ఏ నిబంధన మార్చినా ఆ రెంటిలో ఒకటి పెరుగుతుంది. నిబంధనలు చేసేవారు చేస్తారు, మారుస్తారు. ఈలోగా నొక్కే వేలు మాత్రం మనది.

ఈసారి నక్షత్రం నొక్కేముందు ఒక్క క్షణం ఆగి, ఆ మాట ఎదుటివారి మొహం మీద చెప్పగలమా అని ఆలోచిద్దాం. చెప్పగలిగితే తప్పకుండా రాద్దాం. చెప్పలేకపోతే ఇంకోసారి ఆలోచిద్దాం. ఏమంటారు?